వీపు మీద పదో బిళ్ళ

ముందే చెప్పేస్తాను. ఇది నేను గెలిచిన కేసు కాదు. ముప్పై ఏళ్ల పైచిలుకు ఉద్యోగంలో సరిగ్గా చేసిన పనులు చాలానే ఉంటాయి. వాటి గురించి నా రిటైర్మెంటు రోజున మావాళ్లు దండలు వేసి మరీ చెప్పారు. ఆ రోజు ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది. ఈమధ్య ఫార్మసీ చదివే పిల్లలు నలుగురు మా ఇంటికి వచ్చి, "మేడం, మీ అనుభవాలు చెప్పండి, రాసుకుంటాం" అన్నారు. నేను గెలిచినవే రెండు చెప్పి, కాఫీ ఇచ్చి పంపించేశాను. వాళ్లు వెళ్లాక సిగ్గేసింది. ఆ పిల్లలకు చెప్పకుండా దాటేసింది ఇప్పుడు రాస్తున్నాను.

తిరుపతిలో ఒక పెద్ద ఆసుపత్రి. అందులో చర్మవ్యాధుల విభాగంలో నేను ఫార్మసిస్టుని. మందులు కలపడం, ఇవ్వడం నా పని. దాంతోపాటు ఇంకో పని నా నెత్తిన పడింది. పడిందనడం అబద్ధం, ఎగబడి నేనే తీసుకున్నాను. ముఖం మీదో, చేతుల మీదో ఎంతకీ మానని దద్దుర్లతో ఎవరైనా వస్తే, వాళ్లు వాడే వస్తువుల్లో ఏది వాళ్ల ఒంటికి పడడం లేదో కనిపెట్టే పని అది.

పద్ధతి చెప్పడానికి తేలికే. ఇంట్లో ఒంటికి తగిలే ప్రతి వస్తువునూ సంచిలో వేసుకుని సోమవారం రమ్మంటాం. ఒక్కోదాన్నీ తగినంత పలచన చేసి, చొక్కా గుండీ అంత బిళ్ళల్లో కొంచెం కొంచెంగా పెట్టి, పట్టీతో వీపుకు అంటిస్తాం. వరుసకు ఐదు చొప్పున రెండు వరుసలు, మొత్తం పది బిళ్ళలు. పెన్నుతో చుట్టూ గీతలు గీస్తాం. బుధవారం పట్టీ తీసి, గురువారం మళ్లీ చూస్తాం. ఏ బిళ్ళ ఉన్నచోట చర్మం ఎర్రబడి, గట్టిపడి, దురద పెడుతుందో ఆ వస్తువే దొంగ.

మా అటెండరు నాకంటే పాతకాపు. సోమవారాన్ని ఆయన 'మూటల సంత' అనేవాడు. ఆ మూటల్లో ఏముండేవో చెబితే మీరు నమ్మరు. కాగితంలో చుట్టిన అరిగిపోయిన సబ్బు, కుంకుమ భరిణె, విభూతి పొట్లం, మొగుడు గడ్డానికి రాసుకునే సబ్బు, తలనొప్పికి పూసుకునే మందు. పలమనేరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆవుల పొదుగుకు రాసే మందు కూడా తెచ్చాడు. అదెందుకని అడిగితే, "దాన్ని నా చేత్తోనే కదమ్మా రాసేది" అన్నాడు. చివరికి ఆయన విషయంలో దొంగ అదే అయింది.

ఇలాంటివి నాలుగు కలిసొచ్చేసరికి నాకు పేరొచ్చింది. సీసాకు ముందువైపు రాసింది అమ్మేవాడి మాట, అది కాదు, వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉన్నది చదవండి అని ఊరూరా చెప్పేదాన్ని. అన్నిటికంటే ఎక్కువ ఏది పోశారో అదే వరుసలో ముందుంటుందని, ముందువైపు బొమ్మ వేసి ఊరించిన కుంకుమపువ్వు వెనకవైపు చిట్టచివర ఎక్కడో నక్కి ఉంటుందని చూపించేదాన్ని. 'సువాసన' అని ఒక్క మాట రాసి, దాని కింద పాతిక సరుకులు దాచొచ్చని చెప్పేదాన్ని. గోరింటాకు ఎర్రగా పండాలి గాని గంటలో నల్లగా పండిందంటే అందులో జుట్టుకు వేసే రంగు కలిసిందని చెబితే, ఆడవాళ్లు నోరు వెళ్లబెట్టి వినేవాళ్లు. 'సీసాల మేడం' అని వెనకాల అనుకునేవాళ్లు. నాకు తెలుసు. లోపల ఎంత మురిసిపోయేదాన్నో అది మాత్రం వాళ్లకు తెలియదు.

ఒక ఆషాఢమాసంలో, సోమవారం నాడు, ఐరాల దగ్గరి పల్లె నుంచి అత్తాకోడళ్లు ఇద్దరు వచ్చారు. కోడలికి ముప్పై ఏళ్లుంటాయి. ఐరాలలో చిన్న బ్యూటీ పార్లరు నడుపుతుంది. కాణిపాకంలో జరిగే పెళ్లిళ్లకు పెళ్లికూతుళ్లను ముస్తాబు చేస్తుంది. ఆషాఢంలో ముహూర్తాలుండవు కాబట్టి ఆ నెల చూసుకుని వచ్చింది. చేతులు చూపించమంటే కొంగులోంచి తీయడానికి వెనకాడింది. వేళ్ల సందుల్లో పగిలి, రసి కారుతోంది. అరచేతులు గరగరలాడుతున్నాయి.

"ఎన్నాళ్లయింది?"

"ఎనిమిది నెల్లు మేడం. ముందు వ్యాక్సు కాలి బొబ్బలెక్కినాయి. మీ ఆస్పత్రికే వచ్చినా. మీరిచ్చిన మందు పూసినా. కాలింది మానిపోయింది. ఆమీట నెలకు ఇది మొదులైంది. మందు పూస్తే రెండు దినాలు తగ్గతాది, మళ్ల లేస్తాది."

ఇదంతా నేను నా చేత్తో కాగితం మీద రాసుకున్నాను. మళ్లీ చదవండి. దొంగ అక్కడే నిలబడి ఉన్నాడు. నేను రాసి, పేజీ తిప్పేశాను.

అత్త పక్క నుంచి అందుకుంది. "మా కోడలి చెయ్యి బంగారమమ్మా. తల దువ్వితే నాకు కూసున్నకాడే నిద్ర వస్తాది. బిరీన తేల్చండి తల్లీ. శ్రావణంలో ఆరు పెండ్లిండ్లు ఒప్పుకోని ఉండాది."

"ఒప్పుకున్నా రానిస్తారా అత్తా?" అని కోడలు నావైపు తిరిగింది. "మొన్న ఒకామె, అంటుకుంటాదేమో అని వాళ్ల బిడ్డను కుర్చీలోనించి లేపుకోని పోయింది మేడం. ఆ పార్లరు నాకెవరూ పెట్టియ్యలేదు. చిత్తూరికి పోయి పని నేర్చుకోని, నేనే పెట్టుకున్యా. అది పోతే నాదంటా ఏమీ లేదు."

ఆమె తెచ్చిన మూట లాంటి మూటను నేను అంతకుముందు చూడలేదు. ఒక్కో సీసానూ తుడిచి, గుడ్డలో చుట్టి తెచ్చింది. ఏది ఎప్పటి నుంచి వాడుతోందో నోటుబుక్కులో రాసుకుంది. ఇంటర్ వరకు చదివింది, వెనకవైపు అక్షరాలు నాకంటే వేగంగా చదివేస్తోంది. ఇలాంటి మనిషికి నేను సరైన జవాబు చెప్పాలని గట్టిగా అనుకున్నాను. వస్తువుల్లో కలిసే సరుకుల్ని విడివిడిగా పరీక్షించడానికి వాడే మందుల పెట్టె ఆ ఏడాది మాకు సప్లై కాలేదు. ఆమె మూటలోంచే తొమ్మిది ఏరాను. జుట్టు రంగులు రెండు, నల్ల గోరింటాకు పొడి, ఫేషియల్ క్రీము, మసాజు నూనె, ఫౌండేషను, వ్యాక్సు, చేతులు కడుక్కునే సబ్బు, ఆమె వాడే గ్లౌజు ముక్క.

పదో బిళ్ళ ఖాళీగా మిగిలింది. దాన్ని అలా వదిలెయ్యడం ఇష్టం లేక, మా మందు పెట్టాను.

మా మందంటే, నేను స్వయంగా కలిపేది. మంట తగ్గించే స్టెరాయిడు, పుండు చీము పట్టకుండా నియోమైసిన్ అనే యాంటీబయాటిక్కు, రెండూ కలిసి పట్టి ఉండడానికి పెట్రోలియం జెల్లీ. పెద్ద జాడీలో కలిపి, చిన్న తెల్ల డబ్బీల్లోకి ఎత్తి ఇచ్చేవాళ్లం. డబ్బీ మీద 'రెండు పూటలా' అని పెన్నుతో రాయడమే, ఇంకేమీ ఉండేది కాదు. ఏమీ కాని చోటు ఎలా ఉంటుందో పక్కన పెట్టి పోల్చుకోవడానికి బాగుంటుందని, పదో బిళ్ళలో దాన్ని పెట్టాను. దాని మీద నాకు అనుమానం రవ్వంత కూడా లేదు.

గురువారం చూశాను. తొమ్మిది చోట్ల ఏమీ లేదు. ఒక జుట్టు రంగు ఉన్న చోట మాత్రం లేత గులాబీ రంగు. గట్టిపడలేదు, పొక్కులు లేవు. నిజం చెప్పాలంటే అది అనుమానం మాత్రమే. పట్టీ ఒరుసుకున్నా అలా అవుతుంది. మా పెద్ద డాక్టరమ్మ ఆ వారం ఏదో ట్రైనింగుకని విజయవాడ వెళ్లారు. వెళ్లేముందు కేసు కాగితం మీద, వచ్చే సోమవారం మళ్లీ చూడాలి అని రాసిపెట్టారు. కొన్ని వస్తువులకు చర్మం ఆలస్యంగా పలుకుతుంది, వారం తర్వాత చూస్తే గాని బయటపడవు. పుస్తకంలోనూ అదే ఉంది.

కానీ మా విభాగంలో ఆ సోమవారం చూపు ఎప్పుడో అటకెక్కింది. దానికి కారణం శుక్రవారం. మా వైపు ఆడవాళ్లు శుక్రవారం తలకు పోసుకోకుండా ఉండరు. పోసుకుంటే వీపు మీది గీతలు పోతాయి. గీతలు పోయాక సోమవారం వచ్చినా, ఏ మచ్చ ఏ బిళ్ళదో చెప్పలేం. మొదట్లో వద్దని బతిమాలేవాళ్లం. వినేవాళ్లు కాదు. చివరికి గురువారంతో ముగించేయడం మాకు అలవాటైపోయింది. పైగా ఈమె ఐరాల నుంచి రావాలి. పూతలపట్టులో దిగి ఇంకో బస్సు పట్టుకోవాలి. ఆ చేతులతో బస్సులో కడ్డీ పట్టుకోలేక ఎంత అవస్థ పడిందో మొదటిరోజే చెప్పింది. పాపం, ఇంకోసారి ఎందుకు తిప్పడం అనుకున్నాను.

"మళ్లీ రానక్కర్లేదమ్మా, తేలిపోయింది. జుట్టు రంగే" అన్నాను.

ఆమె వెంటనే ఒప్పుకోలేదు. "రంగు వేసేటప్పుడు గ్లౌజులు ఏసుకుంటా గదా మేడం. మరి యాడ తగిలింది?"

"ఆ గ్లౌజుల్లోంచి కూడా లోపలికి దిగుతుందమ్మా." అది నిజమే. నాకు తెలిసినవన్నీ నిజాలే. ఆమె ఏది అడిగినా నా దగ్గర జవాబుంది.

"అయితే రంగు వేసే పని మానుకుంటే సాలునా?"

ఇక్కడ ఆగి ఉంటే నష్టం సగమే అయ్యేది. నేను ఆగలేదు. "తువ్వాళ్ల మీద, దువ్వెనల మీద, కుర్చీ చేతుల మీద, అంతటా అదే ఉంటుంది. మొత్తం మానేస్తేనే నీ చేతులు నీకు దక్కుతాయి. మందు మాత్రం ఆపొద్దు. నెలనెలా పెద్ద డబ్బీ ఇమ్మని కౌంటర్లో చెబుతాను, నువ్వు రానక్కర్లేదు, ఎవరినైనా పంపు" అన్నాను. రెండు మేళ్లు చేశానని నా లెక్క.

ఆమె ఏడవలేదు. సీసాలన్నీ ఒక్కొక్కటే తుడిచి, గుడ్డల్లో చుట్టి, సంచిలో సర్దుకుంది. అత్త మాత్రం గడప దగ్గర వెనక్కి తిరిగి, "సరిగ్గా సూసినావా తల్లీ?" అంది. చూశానన్నాను.

సోమవారం డాక్టరమ్మ వచ్చి అడిగితే, "రంగు మేడం, తేలిపోయింది" అన్నాను. ఆవిడ నన్ను నమ్మి సంతకం పెట్టారు. అంతే, కాగితం కట్టలోకి వెళ్లిపోయింది.

ఆరు నెలలు గడిచాయి. సంక్రాంతి దాటిన పది రోజులకు పూతలపట్టులో పొదుపు సంఘాల ఆడవాళ్లకు మీటింగు పెట్టి, ఒంటికి పూసుకునే వస్తువుల గురించి చెప్పమని నన్ను పిలిచారు. నాకు అలవాటైన పనే. సీసాలు, క్రీము పెట్టెలు బల్ల మీద పేర్చుకుని, వెనకవైపు చదివి వినిపిస్తూ, నవ్విస్తూ గంటసేపు మాట్లాడాను. చివర్లో, ఏవైనా అడగమన్నాను. వెనక వరసలోంచి ఒక పెద్దావిడ లేచింది. ఐరాల అత్త. కొంగు ముడి విప్పి, తెల్ల డబ్బీ తీసి పైకెత్తి చూపించింది.

"అన్నిటికీ ఎనక పక్క సదవమంటా ఉండావు గదమ్మా. ఇది మీ ఆస్పత్రిలో ఇచ్చిందే. ఎనక పక్క తిప్పి తిప్పి సూసినా. ఒక్క అచ్చరమన్నా లేదే. దీన్ని యాడ సదివేది?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నా ముఖం మీద ఎండిపోవడం నాకే తెలిసింది. "అది మందమ్మా, మేం చూసి కలుపుతాం. కోడలు బాగుందా?" అన్నాను.

"యాడ బాగుండాది? పార్లరు మూసేసింది. కుర్చీ, అద్దం పలమనేరామెకు ఇచ్చేసినాం. ఆర్నెల్లుగా రంగు ముట్టుకోలేదు, ఆవుల పని సూసుకోని ఇంట్లోనే ఉండాది. చేతులు ఇంకా అద్దానమైనాయి."

రంగు ముట్టుకోకుండా ఆరు నెలలైతే మానాలి. మానకపోగా ఎక్కువైంది. నాకు అనుమానం వచ్చింది గాని, అంతమంది ముందు తగ్గడం ఎలా? వెనక ఉన్న నల్లబల్ల మీద వీపు బొమ్మ గీసి, పది గుండ్రాలు వేసి, "ఇలా పది పెట్టి చూశామమ్మా, ఇదిగో ఈ చోట రంగు తగిలింది" అని రెండో గుండ్రం చూపించాను.

ఆవిడ బొమ్మను కాసేపు చూసింది. ఆడవాళ్ల మధ్య నుంచి దారి చేసుకుంటూ ముందుకు వచ్చి, పదో గుండ్రం మీద వేలు పెట్టింది. "ఆడ కాదు. ఈడ. కుడి బుజం కింద, అడుగున సివర. మీరు పంపించేసినంక ఆదివారం లేసినాది. రూపాయి బిళ్ళంత ఎర్రగా, నీటి పొక్కులు. రాత్రంతా గోకతా ఉన్నింది. పట్టీ పీకేటప్పుడు తోలు లేసిందేమో అనుకోని టెంకాయ నూనె రాసినా."

నా చేతిలో సుద్దముక్క ఉంది. ఏం చెయ్యాలో తెలియక పదో గుండ్రం మీద మళ్లీ గీశాను. ఆ గుండ్రంలో ఏముందో ఆ హాలు మొత్తం మీద నాకొక్కదానికే తెలుసు.

మా మందులో నియోమైసిన్ ఆమె చేతులకు పడడం లేదు. దాంతోపాటే ఉన్న స్టెరాయిడు ఆ మంటను రెండు రోజులు అణిచిపెడుతోంది. ఒక చేత్తో నిప్పు పెడుతూ ఇంకో చేత్తో నీళ్లు చల్లినట్టు. అందుకే పూస్తే తగ్గుతుంది, మళ్లీ లేస్తుంది. అందుకే వీపు మీద కూడా గురువారానికి ఏమీ కనిపించలేదు, ఆదివారానికి బయటపడింది. ఆమె పార్లరు మూయించి, నెలనెలా పెద్ద డబ్బీ నేనే పంపిస్తున్నాను.

మీటింగు ఎలా ముగించానో గుర్తులేదు. బయటికొచ్చాక అత్త చెయ్యి పట్టుకుని, తప్పు నాదే అయ్యుండొచ్చు, మందు ఆపెయ్యమని కోడలికి చెప్పమన్నాను.

"నేను సెప్తే నమ్మదు. నువ్వు సెప్పినావని అంగడి మూసింది. నువ్వే వచ్చి సెప్పు" అంది ఆవిడ.

తిరుపతి బస్సు ఎదురుగా ఆగి ఉంది. ఎక్కేసి, డాక్టరమ్మతో మాట్లాడి, పద్ధతిగా కబురు పంపొచ్చు. నేను ఆ బస్సు వైపు చూశానని ఒప్పుకుంటున్నాను. తర్వాత ఆవిడతోపాటు ఐరాల ఆటో ఎక్కాను.

కోడలు కొట్టం ముందు ఆవుకు కుడితి పెడుతోంది. నన్ను చూసి చేతులు కొంగులోకి లాక్కుంది. నేను నిలబడే ఉండి మొత్తం చెప్పాను. మందు సంగతి, పదో బిళ్ళ సంగతి, సోమవారం రావద్దని నేను చెప్పిన సంగతి.

అంతా విని, "ఇప్పుడేమి మానుకోమంటారు మేడం?" అంది.

అంతకంటే నన్ను తిట్టి ఉంటే బాగుండేది. మందు మానెయ్యమన్నాను, వచ్చే సోమవారం ఇంకొక్కసారి పరీక్షకు రమ్మన్నాను. "మళ్ల వీపు ఇయ్యను" అంది. అత్త కసిరింది. నేను బతిమాలాను. బస్సుల్లో తిరగక్కర్లేదు, ఆ వారమంతా మా ఇంట్లోనే ఉండమన్నాను. ఆవు తొట్టి ఖాళీ చేశాక, సరేనంది.

మర్నాడు డాక్టరమ్మకు చెప్పాను. నా ఉద్యోగంలో అంత కష్టమైన పది నిమిషాలు ఇంకెప్పుడూ లేవు. ఆవిడ ఆ పాత కాగితం తెప్పించుకుని, తన సంతకం మీద వేలు పెట్టి చూపించారు. "సగం నాది. నీ మాట విని వీపు చూడకుండా పెట్టిన సంతకం ఇది" అన్నారు. వేలూరు నుంచి పరీక్ష మందుల పెట్టె తెప్పించారు. ఈసారి మా మందులో ఉన్నవి విడివిడిగా, జుట్టు రంగులో ఉండే సరుకు విడిగా, వీపు మీద తన చేత్తోనే అంటించారు. ఆ వారం రోజులూ పొద్దున లేవగానే చెరిగిన గీతల మీద మళ్లీ పెన్ను పెట్టడం నా పని. శుక్రవారం తెల్లవారుజామున అత్త ఫోను చేసింది. "తలకు పోసుకోవద్దని సెప్పు. దేముడికి నేను సెప్పుకున్యా, ఏమీ అనుకోడంట."

ఆదివారం పొద్దున ఇడ్లీ తింటూ తింటూ కోడలు భుజం కదిలించింది. "మేడం, దురద పెడతా ఉండాది." చూస్తే నియోమైసిన్ పెట్టిన చోట ఎర్రగా లేచి, చిన్న చిన్న పొక్కులు. జుట్టు రంగు చోట చర్మం నున్నగా ఉంది. నేను కనిపెట్టినవాటిలో ఇంత స్పష్టమైనది ఇంకొకటి లేదు. సంతోషించాల్సిన సమయం. వంటింట్లోకి వెళ్లి, కుళాయి తిప్పి, కాసేపు ఊరికే నిలబడ్డాను.

పిల్లలూ, ఇది చదివి నియోమైసిన్ చెడ్డదనుకోకండి. ఎందరికో అది పుండ్లు మాన్పింది. నియోమైసిన్ పడని మనుషులుంటారు, సబ్బు పడనివాళ్లుంటారు, కొందరికి మనం పవిత్రంగా పెట్టుకునే కుంకుమ కూడా పడదు. వస్తువు మంచిదా చెడ్డదా అని కాదు, ఈ మనిషి ఒంటికి పడుతుందా లేదా అని అడగాలి. నేను ముప్పై ఏళ్లు అందరి సరుకునూ అనుమానించాను, నేను కలిపిన దాన్ని తప్ప. రోగులు మూటలో అన్నీ తెస్తారు, ఆసుపత్రి మందు ఒక్కటి తేరు. అది మందు కదా అనుకుంటారు. మనమూ అలాగే అనుకుంటాం. ఇంకొకటి, ఎదుటివాళ్ల మీద జాలితో చేసే పనిని రెండుసార్లు చూసుకోండి. ఒక బస్సు ప్రయాణం తప్పించబోయి నేను ఆమె అంగడి మూయించాను.

ఆ నెల నుంచి మా డబ్బీలకు, లోపల ఏమేమున్నాయో తెలుగులో రాసిన చీటీ అంటించడం మొదలుపెట్టాం. సోమవారం చూపు మళ్లీ మొదలైంది. శుక్రవారం తలంటు గురించి ఆడవాళ్లతో వాదించే పని మా అటెండరు తీసుకున్నాడు. నాకంటే బాగా ఒప్పించేవాడు.

ఒట్టి పెట్రోలియం జెల్లీ రాసుకుంటే, నాలుగు వారాల్లో ఆమె చేతులు మానిపోయాయి. మాఘమాసం ముహూర్తాలు నడుస్తున్నాయి. కానీ ఊళ్లో ఎవరూ రాలేదు. ఆ చేతుల్ని ఏడాదికి పైగా చూసినవాళ్లు, మానాయంటే నమ్మలేదు. అంటుకునే జబ్బని ఒకరు, అది ఒంట్లోనే ఉంటుందని ఒకరు. అత్త ఫోన్లో చెప్పి, "నువ్వు ఒకతూరి వచ్చి నలుగురికీ సెప్పి పో" అంది. చెబితే ఏం నమ్ముతారు? నా మాట మీద నాకే నమ్మకం సడలి ఉంది.

ఆదివారం వెళ్లాను. వాళ్ల ఇంటి వసారాలో ప్లాస్టిక్ కుర్చీ వేయించి, నా ముఖానికి ఫేషియల్ చెయ్యమన్నాను. పార్లరు మెట్టు ఎక్కిన మనిషిని కాను నేను. ఆమె మొదట నమ్మలేదు. తర్వాత లోపలికి పోయి చేతులు కడుక్కొచ్చింది. వీధిలో పోయే ఆడవాళ్లు ఒక్కొక్కరే ఆగారు. ఆసుపత్రి మేడం ఆ చేతుల కింద ముఖం పెట్టి కూర్చుందని పక్క వీధికి కూడా తెలిసినట్టుంది, అరుగు మీద మనుషులు పెరిగారు.

కళ్లు మూసుకోమని, తడి దూది పెట్టింది. వేళ్లు మెత్తగా ఉన్నాయి. నుదుటి మీద నుంచి కణతల దాకా, గడ్డం నుంచి చెవుల దాకా, తొందర లేకుండా తిరుగుతున్నాయి. అత్త చెప్పింది నిజమే, కూర్చున్నచోటే నిద్రొచ్చే చెయ్యి అది. నాకు మాత్రం నిద్ర రాలేదు.

కాసేపటికి ఆమె వంగి, ఇంకెవరికీ వినిపించకుండా అంది.

"మేడం, మీరు వచ్చినారు. అందరి ముందరా కూసున్యారు. నాకు తెలుసు ఎందుకు కూసున్యారో. బాగుండాది. కానీ ఆ ఆర్నెల్లూ పొద్దన లేస్తే ఈ చేతులు ఎందుకు ఉండాయా అనుకుంటా లేసేదాన్ని. అవి మీరు తిరిగి ఇయ్యలేరు."

"ఇవ్వలేను" అన్నాను.

వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. మళ్లీ కదిలాయి.

"మొగం అట్ల బిగబట్టుకోబాకండి. వదులుగా పెట్టండి. లేకుంటే పట్టదు."

వదులుగా పెట్టాలని చూశాను. నా వల్ల కాలేదు. దూది కింద ఏడిస్తే ఎవరికీ కనపడదనుకున్నాను. ఆమె ఆ రెండు దూది ముక్కలూ తీసి, పక్కకు పిండి, మళ్లీ నా కళ్ల మీద పెట్టి, పని చేసుకుంటూ పోయింది.